పొలంలో పలుగురాయి మెరుస్తోంది, డిటెక్టర్ కొని బంగారం వెతకొచ్చా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. తుగ్గలి వైపు మీ నాన్నగారి పేరు మీద ఆరెకరాలు, గట్టు పక్కన తెల్ల పలుగురాళ్లు బాగా తేలాయి, ఒకటి పగలగొడితే లోపల పసుపు మెరుపు. జొన్నగిరిలో గని వచ్చింది కదా మాకూ ఉంటుందేమో అని ఇప్పటికే ఎనిమిదడుగుల గుంత తీయించారు, యూట్యూబ్‌లో చూసిన రెండున్నర లక్షల మెటల్ డిటెక్టర్ కొందామనుకుంటున్నావు, ఇంకో ఆయనెవరో ల్యాబ్ రిపోర్ట్ పట్టుకొచ్చి పార్ట్‌నర్‌షిప్ అంటున్నాడు. ఇంతే కదా.

డిటెక్టర్ కొనొద్దు, గుంత ఇంకో అడుగు కూడా దించొద్దు, ఆ పార్ట్‌నర్‌కి రూపాయి ఇవ్వొద్దు. మీ పొలంలో బంగారం లేదని నేను అనట్లేదు, ఆ ప్రాంతంలో ఉండే అవకాశం నిజంగానే ఉంది. కానీ ఉన్నా నువ్వు తీయలేవు, తీసినా చట్టం ఒప్పుకోదు, చట్టం సంగతి పక్కన పెట్టినా కూలి గిట్టదు. నేను ఎక్స్‌ప్లోరేషన్‌లో, అంటే ఖనిజాలు వెతికే పనిలో, ముప్ఫై ఏళ్లు పైన చేసి రిటైరయ్యా, ఎక్కువ భాగం అనంతపురం, కర్నూలు, రాయచూరు వైపే తిరిగా. కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు.

ముందు ఆ రాయి సంగతి. నాకు వాట్సాప్‌లో నెలకి పది ఫోటోలైనా వస్తాయి ఇలాంటివి, అందులో తొమ్మిది రెండే రకాలు. ఒకటి కాకి బంగారం, అంటే ఎండకీ వానకీ పాతబడి పసుపు తిరిగిన అభ్రకం, గోటితో గీకితే పొరలు పొరలుగా లేస్తుంది, నీళ్లలో వేస్తే తేలికగా కొట్టుకుపోతుంది. రెండోది పైరైట్, ఇనుమూ గంధకం కలిసిన ఖనిజం. దీని చుట్టం ఇంకోటి ఉంది చాల్కోపైరైట్ అని, అందులో రాగి ఉంటుంది, ఆయుర్వేదంలో స్వర్ణమాక్షికం అనేది దాన్నే. పేరులోనే స్వర్ణం పెట్టుకుని వేల ఏళ్లుగా జనాన్ని మోసం చేస్తోంది.

ఇంట్లోనే చూసుకోవచ్చు. మెరిసే చోట సూది మొన పెట్టి నొక్కు, బంగారమైతే మెత్తగా గుంట పడుతుంది, పైరైట్ అయితే పొడి రాలుతుంది. చిన్న ముక్క విడిగా వస్తే సుత్తితో మెల్లిగా కొట్టు, బంగారం రేకులా సాగుతుంది, పైరైట్ పగిలిపోతుంది. గ్లేజు లేని టైల్ వెనకవైపు గీసి చూడు, బంగారం గీత పసుపుగానే ఉంటుంది, పైరైట్ గీత నల్లగా కాస్త ఆకుపచ్చ కలిసినట్టు వస్తుంది. అన్నిటికన్నా తేలికైంది ఏంటంటే రాయిని నీడలోకి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పడం. ఒక కోణంలో తళుక్కుమని ఇంకో కోణంలో ఆరిపోతే అది బంగారం కాదు, బంగారానికి నీడలోనూ అదే రంగు. నువ్వు రాసినదాంట్లో "సూర్యుడికి పెడితే జిగేల్‌మంటోంది" అని ఉంది చూడు, అక్కడే నాకు అనుమానం వచ్చింది.

ఒక మెలిక మాత్రం చెప్పాలి. పైరైట్ తేలింది కాబట్టి బంగారం లేనట్టే అని కూడా కాదు. మన దక్షిణాది గనుల్లో చాలాచోట్ల బంగారం ఈ పైరైట్ లాంటి వాటితో కలిసే ఉంటుంది, ఆర్సెనోపైరైట్ అని ఆర్సెనిక్ ఉన్న ఖనిజంతో కూడా. కంటికి కనపడదు, లెన్స్‌కీ కనపడదు.

ఇక్కడే అసలు విషయం. బంగారం ఉందా లేదా అనేది పెద్ద ప్రశ్నే కాదు, టన్నుకి ఎన్ని గ్రాములు, ఎంత దూరం ఎంత లోతు ఆగకుండా ఉంది అనేదే ప్రశ్న. బంగారం కొద్దో గొప్పో ప్రతి రాతిలోనూ ఉంటుంది. గనుల భాషలో టన్ను రాయికి రెండు మూడు గ్రాములుంటే, అది లక్షల టన్నులు వరసగా ఉంటే, గని అంటారు. టన్నుకి మూడు గ్రాములు అంటే ఎంతో ఊహించు, ఒక ట్రాక్టర్ ట్రాలీలో పట్టినంత రాయి మొత్తం పిండి చేసి కడిగితే రెండు పెళ్లి ఉంగరాలకి సరిపడా.

నీ లెక్కలోకి వద్దాం. మీ రాతిలో నిజంగా టన్నుకి మూడు గ్రాములు ఉందనే అనుకుందాం, అంటే గని స్థాయి రాయే అన్నమాట. ఒక మనిషి పలుగురాయిని చేత్తో పగలగొట్టి, నూరి, పిండి చేసి, పళ్లెంలో బియ్యం గాలించినట్టు గాలించి తీయాలంటే రోజుకి ముప్ఫై కిలోలు చేస్తే గొప్ప. ముప్ఫై కిలోల్లో ఉండేది 0.09 గ్రాము. గాలించడంలో సగం చేతికొస్తే అదృష్టం, సన్న బంగారం నీళ్లతో పోతుంది. అంటే 0.045 గ్రాము. గ్రాము పన్నెండు వేలు వేసుకున్నా రోజుకి ఐదొందల నలభై రూపాయలు. తాపీ పనికి వెళ్తే ఇంతకన్నా ఎక్కువొస్తుంది, పైగా మధ్యాహ్నం టీ కూడా ఇస్తారు.

ఇది నేను కనిపెట్టిన లెక్కేం కాదు. 1802లో మైసూరు సరిహద్దు సర్వే చేస్తూ లెఫ్టినెంట్ జాన్ వారెన్ అని ఒకాయన కోలార్ వైపు బంగారం పుకార్లు విని, చూపించినవాళ్లకి బహుమానం ఇస్తానన్నాడట. ఊరుగాం వాళ్లు ఎద్దులబండి నిండా మట్టి తెచ్చి ఆయన ముందే కడిగి రవ్వలు చూపించారు. 120 పౌన్ల మట్టికి ఒక గ్రెయిన్ బంగారం అని ఆయన లెక్క తేల్చాడు, ఇప్పటి కొలతల్లో టన్నుకి ఒక గ్రాము పైచిలుకు. అక్కడి జనం తరాలుగా అదే మట్టి కడుక్కుంటూ కూలోళ్లుగానే బతికారు, వాళ్లలో ఎవరూ షావుకార్లు కాలేదు. అదే నేల కింద తర్వాత కేజీఎఫ్ వచ్చింది, నూట ఇరవై ఏళ్లలో దాదాపు 800 టన్నుల బంగారం తీశారు, మూడు కిలోమీటర్లకి పైగా లోతుకెళ్లారు. అంటే బంగారం అక్కడ ఉన్నమాట వాళ్లకీ తెలుసు, ఉన్నచోటే నిలబడి ఉన్నారు, అయినా అది వాళ్లకి అందేది కాదు.

టన్నుల లెక్క ఎలా తప్పుదారి పట్టిస్తుందో చెప్పడానికి 2020 ఫిబ్రవరిలో జరిగింది చాలు. యూపీ సోన్‌భద్రలో మూడు వేల టన్నులకి పైగా బంగారం దొరికిందని టీవీలన్నీ ఒకటే గోల, మన దేశం కష్టాలు తీరిపోయాయని మా కాలనీలో స్వీట్లు పంచినంత పని చేశారు. తర్వాత జీఎస్‌ఐ (కేంద్ర ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) వాళ్లు బయటికొచ్చి అది 52,806 టన్నుల ఖనిజం, టన్నుకి 3.03 గ్రాముల చొప్పున తీయగలిగే బంగారం సుమారు 160 కిలోలు అన్నారు. మూడు వేల టన్నులెక్కడ, 160 కిలోలెక్కడ. చదువుకున్న యాంకర్లే అలా బోల్తా పడ్డారంటే పొలం గట్టు మీద నిలబడి రాయి చూస్తున్న మనిషిని ఏమంటాం.

నన్నడిగితే మన ఊళ్లలో అందరికన్నా తెలివైన బంగారం వెతికేవాళ్లు ప్రొద్దుటూరు లాంటి చోట నగల బజార్లలో కాలవ మట్టి ఊడ్చి కడిగేవాళ్లు. కంసాలి షాపుల నుంచి రజను రాలిన మట్టి అది, వేరేవాడెవడో గనిలో తీసి కరిగించి తెచ్చి పోసిన బంగారం, ఏ కొండలో రాయీ దానికి సాటిరాదు. నవ్వుకుంటావేమో కానీ గ్రేడ్, అంటే టన్నుకి ఎన్ని గ్రాములు అనే లెక్క, అంటే అదే.

ఇంత చెబుతున్నానని నాకు ఆశ పుట్టలేదనుకోకు. సర్వీసులో చేరిన మొదటి ఏడెనిమిదేళ్లలో ఒక ట్రెంచ్ తవ్విస్తున్నాం, ఊరి పేరు చెప్పను. సాయంత్రం ఐదింటికి కూలీలు వెళ్లిపోయాక గోడ చూసుకుంటూ వస్తుంటే జానెడు వెడల్పు పలుగురాయి తీగలో ఒకచోట ఆవగింజంత బంగారం. లెన్స్ పెట్టి చూస్తే పక్కన ఇంకోటి, ఇంకోటి. నాకు చేతులు వణికాయి. ఆ రాతి ముక్క టెంట్‌లో దిండు కింద పెట్టుకుని పడుకున్నా, పడుకున్నానే కానీ నిద్ర లేదు, లేచి టార్చి వేసి చూడటం మళ్లీ పడుకోవడం. రాళ్లని నమ్మొద్దు లెక్కని నమ్ము అని చదువుకొచ్చినవాణ్ణే, నెల జీతం వచ్చే ఉద్యోగం, దొరికిన బంగారంలో నాకు గ్రాము కూడా రాదు. అయినా అలా అయ్యా. మరి సొంత పొలంలో కనపడితే మనిషి ఏమైపోతాడో నాకు తెలుసు తమ్ముడూ, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా.

ఆ ముక్కకి అసే, అంటే బంగారం ఎంతుందో కొలిచే ల్యాబ్ పరీక్ష, చేయిస్తే టన్నుకి నలభై గ్రాముల లెక్క వచ్చింది. క్యాంప్‌లో ఆ రోజు కోడి కోశాం. తర్వాత వరసగా డ్రిల్లింగ్ వేశాం, ఆ తీగ పది మీటర్లు కూడా పోకుండా పీచులా సన్నబడి మాయమైపోయింది. విచిత్రమేంటంటే పక్కనే ఉన్న నల్లటి పచ్చటి షిస్ట్ రాయి, ఏ మెరుపూ లేదు, ఎవడూ తొంగి కూడా చూడడు, అందులో ఎనిమిది మీటర్ల మందాన రెండేసి గ్రాములు వచ్చాయి, బోరు తర్వాత బోరు అలాగే వచ్చాయి. చివరికి పనికొచ్చింది అదే. నగ్గెట్ ఎఫెక్ట్ అంటాం దీన్ని, ఒక్క రవ్వ శాంపిల్‌లో పడితే అంకె ఆకాశానికి పోతుంది, పక్క శాంపిల్‌లో సున్నా. అందుకే కంటికి కనపడే బంగారం చూస్తే పాత జియాలజిస్టులు సంతోషపడరు, అనుమానపడతారు. నువ్వు ఒక రాయి పట్టుకుని ల్యాబ్‌కి పోతున్నావంటే మెరిసేదాన్నే ఏరి పట్టుకుపోతావు కదా, ఆ అంకె మీ పొలం గురించి ఏమీ చెప్పదు, నువ్వు ఏరిన రాయి గురించే చెబుతుంది.

ఇక డిటెక్టర్. యూట్యూబ్‌లో చూసినవి అబద్ధాలు కాకపోవచ్చు, కానీ అవి ఎక్కువగా ఆస్ట్రేలియావి. విక్టోరియా రాష్ట్రంలో బంగారం ముద్దలు ముద్దలుగా నేల పైపైనే ఉండేది, 1869లో మొలియాగల్ దగ్గర దొరికిన వెల్‌కమ్ స్ట్రేంజర్ అనే ముద్ద డెబ్భై కిలోల పైమాటే, చెట్టు వేళ్ల దగ్గర అంగుళం రెండంగుళాల లోతులో. ఇప్పటికీ అక్కడ మైనర్స్ రైట్ అని ఒక పర్మిట్ కొనుక్కుంటే పదేళ్లు చెల్లుతుంది, ప్రభుత్వం ఒప్పుకున్న చోట్ల ఎవరైనా డిటెక్టర్ వేసుకుని తిరగొచ్చు. మెల్‌బోర్న్‌లో ఉన్న మా తోడల్లుడి కొడుకు శని ఆదివారాలు అదే పని, రెండేళ్లలో బటాణీ గింజంత ఒకటి దొరికింది, పెట్రోలు ఖర్చుకి కూడా రాలేదు, కానీ వాడికి సరదా. ఎవరైనా అక్కడ ఉంటే వెళ్లండి, మంచి వ్యాయామం.

మన రాతిలో బంగారం మామూలుగా అలా ఉండదు. పిండి కన్నా సన్నంగా రాతి లోపల చెదిరి ఉంటుంది, దాన్ని ఏ డిటెక్టరూ పట్టలేదు, అది పట్టేది ముద్దని, అదీ అడుగు అడుగున్నర లోతు లోపల. పైగా మన ఎర్రమట్టిలో ఇనుము ఎక్కువ, మెషిన్ ఊరికే కూస్తూ ఉంటుంది. నాకు తెలిసిన రైతు ఒకాయన ట్రాక్టర్ అమ్మి కొన్నాడు, ఒక వేసవంతా తిరిగి మూడు నాగలి కర్రు ముక్కలు, ఒక ఎద్దు గిట్ట నాడా, లెక్కలేనన్ని బీడీ కట్టల రేకులు, ఒక విక్టోరియా కాణీ. ఇంక లాంగ్ రేంజ్ లొకేటర్ అని రెండు యాంటెన్నాలు పెట్టి కిలోమీటరు దూరం నుంచి బంగారం చూపిస్తుంది అనేవి అయితే పూర్తిగా బొంకు. రైస్ పుల్లింగ్ చెంబు తెలుసు కదా, అదీ ఇదీ ఒకే బడి.

ఇంకో సంగతి, మన వైపు రాత్రిపూట డిటెక్టర్ పట్టుకుని తిరిగితే గుప్తనిధుల ముఠా అని ఊళ్లోవాళ్లే కట్టేసి పోలీసులకి అప్పజెబుతారు, వాళ్ల తప్పు కూడా లేదు, ఎన్ని గుళ్లు పాడుచేశారని. నిజంగానే పాత నాణేల కుండ దొరికినా పది రూపాయలకి మించిన విలువైనదైతే కలెక్టర్‌కి చెప్పి తీరాలి, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా బతికే ఉంది.

ఆ ల్యాబ్ రిపోర్ట్ పార్ట్‌నర్ గురించి. శాంపిల్ ఎవరు తీశారు, ఏ సంచిలో పెట్టారు, ల్యాబ్ దాకా ఎవరి చేతిలో ఉంది, ఈ మూడూ తెలియని రిపోర్ట్ చిత్తు కాగితం. సాల్టింగ్ అంటారు, శాంపిల్‌లో చిటికెడు బంగారం రజను కలిపేయడం. ఇది చిల్లర దొంగల పని మాత్రమే అనుకోకు. కెనడా కంపెనీ బ్రె-ఎక్స్ ఇండోనేషియా అడవిలో ప్రపంచంలోనే పెద్ద బంగారు నిక్షేపం దొరికిందని చెబితే స్టాక్ మార్కెట్‌లో దాని విలువ ఆరు వందల కోట్ల కెనడా డాలర్లు దాటింది, పెద్ద పెద్ద బ్యాంకులూ ఫండ్లూ నమ్మాయి. 1997లో వేరేవాళ్లు వచ్చి మళ్లీ డ్రిల్ చేస్తే అక్కడ ఏమీ లేదు, శాంపిళ్లలో బయటి బంగారం కలిపారని తేలింది. అంతమంది నిపుణులకే ఆనలేదు.

మన దగ్గర చిన్న సైజులో ఎలా జరుగుతుందంటే, మా సర్వీసులో ఒక ఊరికి వెళ్తే అన్నదమ్ములిద్దరు ఒక రిపోర్ట్ చూపించారు, టన్నుకి పన్నెండు వందల గ్రాములు అని ఉంది. నాకు నవ్వొచ్చింది కానీ వాళ్ల మొహాలు చూసి ఆపుకున్నా. దాని కోసం నాలుగెకరాలు తాకట్టు పెట్టి అప్పటికే "మెషినరీ అడ్వాన్స్" కట్టేశారు. అదే చోట మేము పన్నెండు శాంపిళ్లు తీస్తే అన్నిటిలోనూ ఏమీ లేదు. ఆ మెషినరీ మనిషి ఫోన్ అప్పటికే స్విచ్ ఆఫ్. ఎవడికైనా నిజంగా బంగారం ఉన్న చోటు తెలిస్తే నీ రెండు లక్షల కోసం మీ ఇంటికి ఎందుకొస్తాడు, ఈ ఒక్క ప్రశ్న ఆయన్ని మొహం మీదే అడుగు.

చట్టం. "మా పట్టా భూమే కదా" అన్నావు. పట్టా భూమైనా సరే, గనులూ ఖనిజాల మీద ఉన్న ఎంఎండీఆర్ చట్టం 1957 సెక్షన్ 4 ప్రకారం లైసెన్స్ లేకుండా ప్రాస్పెక్టింగ్, అంటే ఖనిజం కోసం వెతకడం, కూడా చేయకూడదు, తవ్వకం సంగతి తర్వాత. సెక్షన్ 21 కింద ఐదేళ్ల వరకు జైలు, హెక్టారుకి ఐదు లక్షల వరకు ఫైన్. 2015 నుంచి గనుల లీజులు వేలంలోనే ఇస్తున్నారు, 2023లో బంగారంతో కలిపి 29 ఖనిజాలకి ఎక్స్‌ప్లోరేషన్ లైసెన్స్ అని కొత్తది తెచ్చారు, అదీ వేలమే. ఆరెకరాల రైతు దిగే ఆట కాదు అది. జొన్నగిరి గనే తీసుకో, 1990ల నుంచి అక్కడ ఎక్స్‌ప్లోరేషన్, లీజు వచ్చింది 2013లో, దాని తర్వాత కూడా భూములు కొనడం, పర్మిషన్లు, ప్లాంటు అని ఏళ్లు పట్టింది. డబ్బూ ఓపికా రెండూ ఉన్న కంపెనీకే అంత కాలం.

వజ్రాల కోసం జనం వస్తారు కదా మరి అంటావు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పొలాల్లో పిల్లా జెల్లాతో సద్ది కట్టుకుని వచ్చి నేల చూస్తూ నడుస్తారు, నీకు నాకన్నా బాగా తెలుసు. వజ్రం దొరికితే ఒక రాయి, వాన కడిగి పైకి తేల్చి పెట్టిన రాయి, కంటితో చూసి చేత్తో తీసుకోవచ్చు. లాటరీనే అది కూడా, వందల మంది నడుములు పోగొట్టుకుంటే ఒకడి పేరు పేపర్లో వస్తుంది, చట్టం లెక్కల్లో అదీ అంత సజావుగా ఏమీ లేదు. కానీ దాంట్లో పోయేది కూలి రోజులే. బంగారంలో రాతిని పిండి చేస్తే కానీ ఏమీ తెలియదు, ఆ పిండి చేయడంలోనే ఒళ్లు పోతుంది.

ఆ ఒళ్లు పోవడం గురించి కాస్త గట్టిగా చెబుతా. పలుగురాయి పొడి మామూలు దుమ్ము కాదు. అది ఊపిరితిత్తుల్లో గాజు పొడిలా దిగబడిపోతుంది, సిలికోసిస్ అంటారు, మందు లేదు. మా శాంపిల్ ప్రిపరేషన్ గదిలో రాళ్లు నూరే అతను నాకంటే రెండేళ్లు చిన్న, బలంగా ఉండేవాడు, తువ్వాలు ముక్కుకి కట్టుకుంటే చాలనుకునేవాళ్లం ఆ రోజుల్లో. యాభై దాటాక పది మెట్లెక్కలేకపోయాడు. టీబీ అని మందులు వాడించారు చాలాకాలం. నువ్వు "పాత పిండిమరలో ఆడించి చూద్దామనుకుంటున్నా" అని రాశావు, ఆ పని అస్సలు చేయకు, ఇంట్లో పిల్లలున్నారు.

పాదరసం ఇంకా ఘోరం. నూరిన రాతిలో పాదరసం వేస్తే బంగారాన్ని పట్టుకుంటుంది, ఆ ముద్దని వేడి చేస్తే పాదరసం ఆవిరైపోయి బంగారం మిగులుతుంది, వీడియోల్లో చాలా తేలిగ్గా చూపిస్తారు. ఆ ఆవిరికి వాసన ఉండదు, నరాలనీ మూత్రపిండాలనీ తినేస్తుంది. ప్రపంచం మొత్తం మీద మనుషుల వల్ల గాల్లో కలిసే పాదరసంలో అన్నిటికన్నా పెద్ద వాటా ఈ చిన్న చిన్న బంగారం తవ్వకాలదే. 2010లో నైజీరియా జంఫారాలో అయితే పాదరసం కూడా కాదు, బంగారం రాతిలో సీసం ఉందని తెలియక ఇళ్ల దగ్గరే నూరుకున్నారు, ఆ దుమ్ముకి నాలుగొందల మందికి పైగా పిల్లలు చనిపోయారు. మన రాతిలో సీసం బదులు ఆర్సెనిక్ ఉండొచ్చు, పైన చెప్పాగా.

గుంతల్లో గాలి ఉండదు. పాత బావి పూడిక తీయడానికి దిగి చనిపోయినవాళ్ల వార్తలు ప్రతి వేసవిలో చదువుతూనే ఉంటాం, గని గుంత కూడా అంతే. కేజీఎఫ్ 2001లో మూతపడ్డాక కూడా పాత షాఫ్టుల్లోకి ఏదో ఒకటి ఎత్తుకుపోదామని దొంగతనంగా దిగేవాళ్లున్నారు, 2020లో మారికుప్పం దగ్గర అలా దిగిన ముగ్గురు ఊపిరాడక పోయారు. మీ గుంత ఎనిమిదడుగులే కదా అంటావు, మట్టి గోడ తడిసి కూలితే మనిషిని కప్పేయడానికి ఎనిమిదడుగులు చాలు.

బాగుపడినవాళ్లు ఎవరూ లేరా అంటే ఉన్నారు, ఎక్కువగా పార అమ్మినవాళ్లు. 1848లో కాలిఫోర్నియాలో మొదట బంగారం చూసిన జేమ్స్ మార్షల్ పేదవాడిగానే పోయాడు, ఎవరి మిల్లు దగ్గర దొరికిందో ఆ సటర్ దివాలా తీశాడు, పారలూ పళ్లేలూ అమ్మిన బ్రానన్ లక్షాధికారి అయ్యాడు. మన దగ్గర కూడా అదే తంతు. 1880 ప్రాంతంలో వయనాడు, దేవాల వైపు బంగారం అని లండన్‌లో పదుల కొద్దీ కంపెనీలు షేర్లు అమ్మాయి, రెండు మూడేళ్లలో దాదాపు అన్నీ మట్టి కొట్టుకుపోయాయి. కోలార్‌లో లైసెన్స్ తెచ్చుకున్న మాజీ సైనికుడు లావెల్ చేతిలో డబ్బయిపోయి హక్కులు వదులుకున్నాడు. తర్వాత వచ్చిన కంపెనీ కూడా 1883లో మూసేద్దామా అనే దాకా వచ్చి, చివరి డబ్బుతో తవ్వితే చాంపియన్ లోడ్ అనే పెద్ద బంగారు తీగ తగిలింది. ఆ ఒక్క కథే అందరికీ గుర్తుంటుంది, "ఇంకొక్క అడుగు తవ్వితే దొరికేదేమో" అనే మాట అక్కడి నుంచే పుట్టిందేమో అనిపిస్తుంది నాకు. ఆ మాట మీ నాన్నగారు కూడా అన్నారని రాశావు.

బంగారం వెతకబోయి వేరేది దొరికిన సంగతి ఒకటి మాత్రం నాకు చాలా ఇష్టం. నిజాం రాజ్యంలో రాయచూరు వైపు బంగారం కోసం తిరుగుతున్న బీడన్ అనే ఇంజనీరుకి 1915లో మస్కి దగ్గర బండ మీద రాత కనిపించింది. "దేవానాంప్రియ" అని శాసనాల్లో రాసుకున్న రాజు అశోకుడే అని పేరుతో సహా తేల్చిన శాసనం అది. మీ పక్కనే ఎర్రగుడి శాసనాలు కూడా ఒక జియాలజిస్టుకే కనపడ్డాయి. జొన్నగిరే అశోకుడి సువర్ణగిరి అని కొందరు చరిత్రకారుల మాట. అంటే అక్కడ బంగారం సంగతి రెండు వేల ఏళ్ల కిందటే తెలుసు. రాయచూరు వైపు హట్టి బంగారు గనిలో పాతవాళ్లు రాతిని నిప్పుతో కాల్చి నీళ్లు కొట్టి పగలగొట్టుకుంటూ ఆరు వందల అడుగుల లోతు దాకా పోయారు. అర్థమవుతోందా, పైపైన తేలిగ్గా దొరికేదంతా మన ముత్తాతల ముత్తాతలే ఊడ్చుకుపోయారు.

సరే, నీకు నిజంగా తెలుసుకోవాలని ఉంటే ఖర్చు లేని పని చెబుతా. మెరిసేది ఏరకుండా, గట్టు పొడుగునా పది అడుగులకొకటి చొప్పున నేలలో పాతుకుని ఉన్న రాతి నుంచి చిన్న ముక్కలు తీసి ఫోటోలు పెట్టు, పక్కన రూపాయి బిళ్ల పెట్టి, కొత్తగా పగిలిన వైపు, నీడలో. ఏ రాయో నేను చెబుతా. భూకోశ్ అని జీఎస్‌ఐ పోర్టల్‌లో మీ ప్రాంతం మ్యాప్ ఉచితంగా చూడొచ్చు, మీ పొలం షిస్ట్ బెల్ట్‌లో, అంటే ఆ షిస్ట్ రాయి పరుచుకున్న పట్టీలో, ఉందా గ్రానైట్‌లో ఉందా అక్కడే తేలిపోతుంది, గ్రానైట్‌లో పడితే ఈ చర్చ అంతటితో అయిపోయినట్టే. షిస్ట్‌లో ఉంటే కాగితాలు శుభ్రంగా పెట్టుకోండి. పాస్‌బుక్, సర్వే నంబరు, హద్దులు, అన్నదమ్ముల భాగాలు. రేపు ఏదైనా కంపెనీకి ఆ బ్లాక్ వస్తే భూమి పైభాగానికి పరిహారం వచ్చేది కాగితం సరిగ్గా ఉన్నవాడికే, బంగారం వాటా మాత్రం అడిగినా ఇవ్వరు. మధ్యలో ఎవడైనా అగ్రిమెంట్ మీద సంతకం పెట్టమంటే వకీలుకి చూపించకుండా పెట్టొద్దు.

రెండున్నర లక్షలు చేతిలో ఉన్నాయంటున్నావు, ఏం చేసుకుంటావో నీ ఇష్టం, బోరుకో డ్రిప్‌కో పెట్టుకో. ముందు ఆ గుంత సంగతి చూడు. మేకలు అటే మేస్తాయని నువ్వే రాశావు, జూన్ వానలు రాకముందే జేసీబీ వాడికి చెప్పి పూడ్పించేయ్, గంట పని.